అందరివీ ఉన్నాయి

ఇంటిల్లిపాదీ ఫొటోలూ కాగితాలూ దాచుకునే సర్వర్‌ని నడిపేది పెద్దకోడలే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత కంటైనర్‌ని, అంటే సర్వర్ ప్రోగ్రాం నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెని, తీసేసి కొత్తది పెట్టాలి. లోపలున్నవి పాతదాంతోపాటే పోతాయి. బయటి డిస్క్‌కి కలిపిన ఫోల్డర్లే మిగులుతాయి.

ఆ పొద్దున కొత్తది పెట్టి చూసుకుంది. అత్తగారివి ఉన్నాయి, మరిదివీ ఉన్నాయి. తన ఫోల్డరే ఖాళీ. ఎవరివి పోయినా తన ప్రాణం తీస్తారని అందరివీ డిస్క్‌కి కలిపింది. తనది తర్వాత చూద్దాంలే అని వదిలేసింది. చనిపోయిన అమ్మ పాడిన జోలపాటల రికార్డింగులు, ఈమధ్యే ఎక్కించినవి, అందులోనే ఉండేవి. ఇంకో కాపీ లేదు.

"వదినా, నీ డబ్బా ఇంకా లేవలేదా? నా ఫొటోలు గల్లంతయితే ఊరుకోను!" హాల్లోంచి మరిది అరిచాడు.

"నీవి భద్రంగా ఉన్నాయిలే, నాయనా."

"మరి గొంతులో ఆ నీరసమేంటి?"

"ఏం లేదు" అంటూ ఆ ఖాళీ ఫోల్డర్‌ని కూడా డిస్క్‌కి కలిపింది.