ఇరవై ఐదో పక్కటెముక

వైద్య కళాశాల మ్యూజియంలో అస్థిపంజరాలు కూర్చే ఆవిడని అందరూ ఎముకలత్త అనేవారు. పెట్టెలో కలగాపులగంగా వచ్చిన ఎముకలకి తీగ గుచ్చి, మళ్లీ ఒక మనిషిని నిలబెట్టడం ఆవిడ పని. పదహారేళ్లలో ఒకే ఒక్కసారి, ఎడమ పాదానికి కుడి బొటనవేలు బిగించింది. ఆ ఒక్కటీ నేటికీ ఆవిడ వెంటపడుతూనే ఉంది.

ఆ రోజు ప్రొఫెసరు కొత్త అస్థిపంజరం ముందు నిలబడి పక్కటెముకలు పెన్సిల్‌తో లెక్కపెట్టాడు. ఇరవై ఐదు. మెడలో చివరి పూసకి, ఎడమవైపు, చిటికెన వేలంత ఎముక ఒకటి పొడుచుకొచ్చి ఉంది.

“మెడకి పక్కటెముకలుండేది పక్షులకి, మొసళ్లకి. బాతు ఎముకల సొరుగులో చెయ్యి పెట్టావా ఏంటి?”

“బాతుదైతే ఊదితే ఎగిరిపోతుంది సార్. ఇది ఈయనదే.”

“బొటనవేలప్పుడూ ఇలాగే అన్నావు.”

“అనలేదు. మీరు తప్పు చూపించగానే ఒప్పుకున్నాను. ఇప్పుడూ చూపించండి, ఒప్పుకుంటాను.”

ప్రొఫెసరు మొహం ముడుచుకుంది. “సాయంత్రం తనిఖీవాళ్లొస్తున్నారు. నాలుగింటిలోపు పీకెయ్. లేదంటే తాళాలిచ్చేసి ఇంటికెళ్లు.”

ఏ ఎముక ఎవరిదో అనుమానమొస్తే ఎముకలత్తకి ఒక పద్ధతి ఉంది. ఒకదాని కొసకి దీపం మసి రాసి రెండోదానికి అదుముతుంది. ఒకే మనిషివైతే మచ్చ అంచుకి అంచు నిండుతుంది. కాకపోతే చుక్కలు పడతాయి. ఆవిడ తీగ వదులుచేసి, మసి రాసి అదిమింది. పూస మీద మచ్చ గోటికి రంగేసినట్టు నిండుగా పడింది.

“మసి పూసి నన్ను నమ్మించకు. మన పిల్లలు చదివే పుస్తకంలో ఇరవై నాలుగే.”

“ఆ పుస్తకం చదువుకుని పుట్టలేదు సార్ ఈయన. ఇది నరాన్ని నొక్కి, చెయ్యి తిమ్మిరెక్కిపోతే ఎవరితో చెప్పుకున్నాడో. పని తప్పించుకోడానికి వేషాలన్నారేమో. చచ్చాక కూడా లేదనిపించమంటే నా వల్ల కాదు.”

ఆవిడ మసి శుభ్రంగా తుడిచి, తీగ మళ్లీ బిగించి, తాళాలూ పట్టకారూ మసి డబ్బీ వరసగా బల్లమీద పెట్టింది.

“పీకాలనుంటే మీ చేత్తో పీకండి. అనుమానముంటే డబ్బీ అక్కడుంది.”

వెనక గదిలోకి వెళ్లి ఏప్రాన్ మడిచింది. విప్పి మళ్లీ మడిచింది. సంచీ భుజానికి తగిలించుకుని వచ్చేసరికి ఎముక ఉన్నచోటే ఉంది. ప్రొఫెసరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“లేబుల్ రాయి” అన్నాడు, తాళాలు ఆవిడ వైపు నెట్టి. “పెద్ద అక్షరాలతో.”

“రాస్తాను. తీగ మాత్రం తిరగేసి చుట్టారు, అదీ సరిచేస్తాను.”

“నేను ముట్టుకోలేదు.”

“అలాగే సార్. కొళాయి దగ్గర సబ్బుంది. ముక్కు కూడా కడుక్కోండి.”