పన్ను లేని గది

2007 వేసవిలో తెనాలి మున్సిపాలిటీ వాళ్లు ఇంటి పన్ను కోసం మళ్లీ కొలతలు మొదలుపెట్టారు. మేముండేది దర్గా వెనక గదిలో. నాన్న బాబూలాల్ ఇరవై ఏళ్లు ఆ దర్గాలో బాబా సమాధికి సేవ చేశాడు. ఆయన పోయిన మూడో నెల నుంచి కమిటీ పెద్ద ఫహీం గారు గది ఖాళీ చెయ్యమంటున్నారు. ఏటా జరిగే ఉరుసు ఉత్సవం సామాన్లు పెట్టుకోవాలట.

కొలతలు రాసే బసవేశ్వరరావు గారు మా గది కొలిచే ముందు రోజే వచ్చి చూశారు. వెళ్తూ కుళాయి దగ్గర నాతో మెల్లగా చెప్పారు.

"దర్గాకి పన్నుండదమ్మా. పొయ్యి వెలిగే గదికి ఉంటుంది. మేం కాపురముంటున్నామని మీ అమ్మ చెబితే ఆవిడ పేరు రాస్తాను. పన్ను కాగితం చేతిలో ఉంటే ఉన్నపళంగా వెళ్లగొట్టలేరు."

పొద్దున అమ్మ బియ్యం ఏరుతుంటే చెప్పాను. "మా ఇల్లు, మేమే ఉంటున్నాం" అని రెండుసార్లు అనిపించాను.

"పన్ను కట్టడానిక్కూడా పాఠం అప్పజెప్పాలా ఆసియా?" అని నవ్వింది.

పదింటికి బసవేశ్వరరావు గారూ ఫహీం గారూ కలిసే వచ్చారు.

"దేవుడి స్థలానికి పన్నేంటండి రావుగారూ? గుళ్లకి వేస్తున్నారా, చర్చిలకి వేస్తున్నారా?" అన్నారు ఫహీం గారు.

"దేవుడికి వెయ్యట్లేదండి. వండుకు తినే చోటుకి వేస్తున్నాం. గుడి వెనక పూజారి గారింటికీ అంతే."

"ఇక్కడెవరు వండుతున్నారు? ఇది ఉరుసు సామాన్ల గది."

లోపల పప్పు ఉడుకుతున్న చప్పుడు అందరికీ వినబడుతోంది.

"సామాన్లకి ఆకలేసిందా ఏంటి?" అని, బసవేశ్వరరావు గారు అమ్మ వైపు తిరిగారు. "చెప్పమ్మా వజీరా. ఈ గది ఎవరిది?"

అమ్మ తల మీదికి కొంగు లాక్కుంది.

దర్గాలో మాది అనే మాట అనకూడదని నాన్న నేర్పాడు. పూలబుట్ట ఎవరిదన్నా, చీపురు ఎవరిదన్నా, నన్ను చూపించి ఈ పిల్ల ఎవరిదన్నా, ఇన్నేళ్లూ అమ్మ ఒకటే చెప్పింది.

"బాబాదండి" అంది.

ఆయన పెన్ను కాగితం మీద పెట్టలేదు. "సరిగ్గా చెప్పమ్మా. మీదా?"

"మాదేముందండి. అంతా ఆయనదే."

"విన్నారుగా" అన్నారు ఫహీం గారు.

బసవేశ్వరరావు గారు నా వైపు చూశారు. నేను నోరు తెరిస్తే, బాబా ముందు అమ్మ చెప్పింది తప్పని అనాలి. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన ప్రార్థనా స్థలం, పన్ను లేదు అని రాసుకున్నారు.

వాళ్లు వెళ్లాక అమ్మ పప్పు దించింది.

"సరిగ్గానే చెప్పానా?" అంది.

"చెప్పావు" అన్నాను.

అన్నం తిన్నాం. శుక్రవారం లోపు ఖాళీ చెయ్యమని సాయంత్రం ఫహీం గారు కబురు పంపారు. నేను బజారుకు వెళ్లి బాపట్లలో పిన్నికి ఫోన్ చేశాను. వాళ్ల వరండాలో ఇద్దరికి చోటుంటుందా అని అడిగాను.