ఏ సీసాలోది బ్రేకు నూనె?

నేను ఒక గాజు సీసాను. గొప్ప వంశమేమీ కాదు, దగ్గు మందు సీసాల వంశం. కొలిమిలో పుట్టి, మందు నింపుకుని, విశాఖపట్నం సీతమ్మధారలో పరాంకుశంగారింటికి వచ్చాను. ఆయన కూతురు హైమ అప్పుడు పసిపిల్ల. నా మూత తీసిన చప్పుడు వింటే చాలు, మంచం కిందకి దూరేది. వాళ్ళమ్మ రత్నమాంబ బయటికి లాగి, ముక్కు పట్టుకుని తాగించేది. దగ్గు తగ్గింది కదా, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మనుషుల సంగతి తెలియక అలా అనుకున్నాను.

రత్నమాంబ సీసా పారేసే మనిషి కాదు. వేడినీళ్ళలో నానబెట్టి, అంటించిన కాగితం గోకి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బతికించేది. అలా కొబ్బరినూనె మోశాను, వాము అరకు మోశాను, ఒక వేసవంతా పన్నీరు మోశాను. ఇప్పుడీ పాత సామాన్ల కొట్లో, పగిలిన గాజు పెంకుల మధ్య కూర్చుని తలచుకుంటే ఆ పన్నీటి రోజులే రోజులనిపిస్తుంది. అచ్చం నాలాంటి తమ్ముడొకడు నా పక్కనే ఉండేవాడు. మా ఇద్దరిలో ఎవరు ఎవరో చెప్పడం బ్రహ్మతరం కాదు.

హైమ పెద్దదై, ఉద్యోగంలో చేరి, డిస్కు బ్రేకుల సైకిలు కొనుక్కుంది. ఆ బ్రేకుల్లో తీగ ఉండదట. సన్నటి గొట్టంలో నూనె ఉంటుంది, మీట నొక్కితే ఆ నూనే చక్రాన్ని ఆపుతుంది. గొట్టంలోకి గాలి చేరితే మీట మెత్తబడిపోతుంది. అప్పుడు పాత నూనె తీసి, సిరంజితో కొత్తది ఎక్కించాలి.

ఒక శనివారం సాయంత్రం ఆ పనికి కూర్చుంది. తెల్లారితే స్నేహితులతో కలిసి సింహాచలం ఘాట్ రోడ్డు దిగాలి. అల్మారా తెరిచి చూస్తే తను కొన్న నూనె డబ్బా లేదు, నాన్న స్కూటరు బ్రేకు ఆయిలు డబ్బా కూడా లేదు. వాటి చోట నేనూ తమ్ముడూ బుద్ధిమంతుల్లా నిలబడి ఉన్నాం. జిడ్డోడుతున్న ఆ డబ్బాలను చూడలేక రత్నమాంబ రెండింటినీ మాలోకి వంచేసి, వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది.

ఏది దేన్లో పోశావమ్మా అంటే గుర్తు లేదంది. రెండూ లేత పసుపే. పరాంకుశంగారు నన్ను వాసన చూసి, నాడి పట్టిన వైద్యుడిలా తలాడించారు.

"బ్రేకంటే బ్రేకే. ఏ ఆయిలు పోస్తే ఏటే?"

"స్కూటరుది పోస్తే లోపల రబ్బరు ఉబ్బిపోద్ది నాన్నా. కొండ మధ్యలో బ్రేకు పట్టదు," అంది హైమ.

రత్నమాంబ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాలో ఏముందో నాకు తెలుసు, చెప్పలేను. సీసా బతుకు మీద నాకు రోత పుట్టింది ఆ ఒక్క సాయంత్రమే.

కాసేపటికి రత్నమాంబ వంటింట్లోంచి రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చి, నూనె అయితే తేలాలి కదే అని గొణిగింది. హైమ ఎగిరి గంతేసినంత పని చేసింది. సైకిలుది అసలైన నూనె గనక తేలుతుందట, స్కూటరుది పేరుకే ఆయిలు, నీళ్ళలో కలిసిపోతుందట. తమ్ముడి చుక్క నీటిమీద తేలి మెరిసింది. నాది కలిసిపోయి జాడ లేకుండా పోయింది. సీసాల్లో తడి లేదు కదా అని అమ్మ చేత ఒట్టు వేయించుకుని మరీ హైమ తమ్ముడిలోని నూనె ఎక్కించింది.

మర్నాడు రత్నమాంబ పొయ్యి ముట్టించలేదు, గేటు పట్టుకుని నిలబడింది. ఎండెక్కాక హైమ చెమటలు కక్కుతూ వచ్చి, బ్రేకు భలే పట్టిందమ్మా అంది. ఆవిడ లోపలికొచ్చి, గోనెసంచి తీసి, దాచుకున్న సీసాలన్నీ అందులో వేయడం మొదలుపెట్టింది. పరాంకుశంగారు విస్తుపోయి, ఇన్నేళ్ళు ప్రాణంలా చూసుకున్నావు కదే, ఉంచుకో అన్నారు.

"సీసాలు దాచుకుని పిల్లని పోగొట్టుకోమంటారేటండీ?"

ఆ మాట అంటూనే నాలో మిగిలింది స్కూటరుకి పోయమని భర్త చేతికిచ్చి, ఖాళీ అయ్యాక నన్నూ సంచిలో వేసింది. నాకు కోపం రాలేదు. నన్ను ఎన్నోసార్లు కడిగి తుడిచిన చేతులవి.