కాగితం తిప్పే చక్రం

మామయ్య పోయాక అత్తయ్య మంచం దిగలేదు. ముద్ద నోటికి పోదు, కంటిమీద కునుకు రాదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ, పక్కగదిలో మామయ్య మందుసీసాల లేబుళ్లు ప్రింట్ చేస్తుంటే ఆ గరగర వింటూ బతికిన మనిషి. పని ముగియగానే ఆయన స్విచ్ ఆపి, ప్రింటర్ పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి చివరి కాగితం చింపేవారు. ఆ టకటక వినగానే ఈవిడ చెప్పులేసుకునేది. ఇద్దరూ షికారుకు బయల్దేరేవారు.

"ఆ చప్పుడు లేక ఇల్లు ఇల్లులా లేదే అమ్మాయ్" అంది. నాకు కన్నతల్లి గుర్తులేదు, ఉన్న తల్లి ఈవిడే. వెంటనే ప్రింటర్ దుమ్ము దులిపాను.

మా ఆయన నవ్వాడు. "నీ కొత్త కంప్యూటర్‌కీ ఈ ముసలిదానికీ పొత్తు కుదరదు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్."

"మీకూ నాకూ కుదరలేదూ?" అన్నాను.

కంప్యూటర్ ఎంత వెతికినా దాన్ని గుర్తుపట్టలేదు. ఆ పొగరుమోతుకి ప్రతిదీ నేనే చెప్పాల్సొచ్చింది: నీ జాబితాలో లేదు, నేనే కలుపుతాను, ఇదిగో తీగ తగిలించే పోర్టు, బొమ్మలొద్దు, ఉత్త అక్షరాలు అచ్చేస్తే చాలు. పాత ప్లగ్గుకి సరిపడే కేబుల్ కోసం బజారంతా తిరిగాను. సిరా రిబ్బన్ మాత్రం దొరకలేదు. పోనీ, కావలసింది చప్పుడేగా అని టెస్ట్ పేజీ నొక్కాను.

గరగరమంటూ తెల్లకాగితం బయటికొచ్చింది.

"ఆకలేస్తోందే" అంది అత్తయ్య. నా ప్రాణం లేచొచ్చింది. నాలుగు ముద్దలు తిని నిద్రపోయింది. నేను స్విచ్ ఆపి వంటింట్లోకి వెళ్లాను.

టక్, టక్, టక్.

తొంగి చూస్తే గదిలో ఎవరూ లేరు. చక్రం మెల్లగా తిరుగుతోంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తయ్య. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పులతో సహా తయారై ఉంది. ముఖం కళకళలాడుతోంది.

"ఎక్కడికత్తయ్యా?"

"మీ మామయ్య పని అయిపోయిందిగా. బయల్దేరదామంటున్నారు."

పరుగున వెళ్లి స్విచ్ వేసి ప్రింట్ నొక్కాను. గరగర మొదలైంది.

"ఇంకా పనుందిట. మీరు పడుకోండి."

"ఈయనెప్పుడూ ఇంతే. ముందు తొందరపెడతారు, తర్వాత కూర్చోబెడతారు" అని విసుక్కుంటూ, చెప్పులు విడిచి మంచమెక్కింది.

అప్పట్నుంచీ ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమన్న మనిషే, జరిగింది విని ఈసారి నవ్వకుండా, కాగితం కట్టలకోసం బజారుకి పరుగెత్తాడు. ఇంకా రాలేదు. "మామయ్యా, అత్తయ్య మీ దగ్గర చాలా ఏళ్లుంది. ఇంకొన్నాళ్లు నాకు ఉంచండి" అని ప్రింటర్ ముందున్న ఆయన ఖాళీ కుర్చీని బతిమాలాను.

కాగితం అయిపోయింది. గరగర ఆగింది.

టక్.

"అమ్మాయ్, నా చెప్పులేవే?"

అవి నా ఒళ్లో ఉన్నాయి. రెండు చేతులా అదిమిపట్టుకుని, పలక్కుండా కూర్చున్నాను.