కంపెనీ కాళ్ళు

షిఫ్టు బస్సు దిగగానే తేజస్విని రోజూ పరుగులాంటి నడక నడుస్తుంది. వెనకే మొగుడు వెంకట సాయి తీరిగ్గా వస్తాడు. ఇద్దరిదీ పటాన్‌చెరులో ఒకే మందుల ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు. అయినా ఆమె ముందే ఇల్లు చేరి, పెరటి కుళాయి దగ్గర తన కాళ్ళు గబగబా తడుపుకుని, చెంబుతో వీధి గుమ్మంలోకి రావాలి. అత్తగారు వీరలక్ష్మి పెట్టిన పద్ధతి అది. "కంపెనీ కాళ్ళతో మగాడు లోపలికి రాకూడదమ్మాయ్. పెళ్ళాం నీళ్ళు పొయ్యాలి. మీ మావగారికి నేను పొయ్యలేదూ?"

కొత్త కాపురంలో అన్నీ ముద్దుగానే ఉంటాయి. బస్సులో పక్కపక్క సీట్లు, ఇస్నాపూర్ చౌరస్తాలో ఒకే పొట్లంలో మిర్చి బజ్జీలు. నీళ్ళు పోస్తూ అతని బొటనవేలు గిల్లడం కూడా సరదాగానే ఉండేది. ల్యాబ్‌లో పొద్దంతా నిలబడ్డ ఆమె మడమలు గుంజుతున్నాయని మాత్రం ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా.

ఆదివారం సినిమాకెళ్ళారు. ఫైట్ల మధ్య ఒక సీను. మిల్లులో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన భార్యని హీరో కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు కడిగి, భుజం మీది తువ్వాలుతో తుడుస్తాడు. హాలంతా గోల. అందరికంటే గట్టిగా ఈల వేసింది వెంకట సాయే. తేజస్విని మురిసిపోయింది.

మర్నాడు క్యాంటీన్‌లో ఆ సీను చెబుతుంటే, చిట్కుల్ నుంచి వచ్చే ల్యాబ్ నేస్తం సలోమి పకపకా నవ్వింది.

"గది మా సండే స్కూల్ కతనే! ప్రభువు తువ్వాల కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగిండు. మీ హీరో రెండు వేల ఏండ్లు లేటు."

"శిష్యులు ఊరుకున్నారా?"

"పేతురు నకరాలు జేసిండు, నువ్వు నా కాళ్ళు కడుగుడేందని. కడగనియ్యకుంటే నీకు నాతోని పొత్తే లేదన్నడు ప్రభువు. పెద్దోడే కింద కూసున్నంక, ఎవరు తక్కువ, ఎవరెక్కువ? అవ్ గానీ, మీ ఇంట్ల ఎవరు కడుగుతరే?"

కాపురం కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పే తేజస్విని మొదటిసారి మాట మార్చేసింది. ఇన్నాళ్ళూ ముద్దు అనుకున్నది నేస్తానికి చెప్పడానికి సిగ్గెందుకేసింది? సినిమాలో అయితే ఈల, గుళ్ళో అయినా చర్చిలో అయినా దండం, ఇంటికొస్తే మాత్రం చెంబు తన చేతిలో. కిందికి వంగడం ప్రేమే అయితే, అది ఒక్కరికే ఎందుకు రాసిపెట్టి ఉంది? పేతురులాగా తనూ మొహమాటపడుతోంది కాబోలు, తన కాళ్ళకీ నీళ్ళు కావాలని అడగడానికి.

ఆ సాయంత్రం ఆమె పరిగెత్తలేదు. అతనితో సమంగా నడిచి, గుమ్మం ముందు అరుగు మీద అతని పక్కనే కూర్చుని చెప్పులు విప్పింది.

"చెంబేదీ అమ్మాయ్?" లోపల్నుంచి అత్తగారు.

"కూర్చున్నావేంటి తేజూ?" అన్నాడు వెంకట సాయి.

"నిన్న ఈల వేశారుగా."

"అది సినిమా!"

వీరలక్ష్మే చెంబు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "కంపెనీ నుంచొచ్చిన కాళ్ళు. పొయ్యి."

తేజస్విని దుమ్ముపట్టిన తన పాదాలు రెండూ అతని పాదాల పక్కకి చాపింది. చెంబుని మెల్లగా అతని వైపు జరిపింది.

"ఇవీ అక్కణ్ణించే వచ్చాయత్తయ్యా."