టైమెంతయిందని అడగండి

నా పెద్ద భయం ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా ఆయన, ఒళ్లో పాపతో సహా, కుర్చీలోనే స్పృహ తప్పి పడిపోవడం.

మూడేళ్ల కిందట నిచ్చెన మీంచి పడి ఆయన వెన్ను దెబ్బతింది. ఛాతీ కింద స్పర్శ లేదు, చేతులు మాత్రం బంగారం. చక్రాల కుర్చీలో కూర్చుని ముందుగదిలో గడియారాలు బాగుచేస్తారు. ఒకేసారి కడుపు నిండా తింటే బీపీ దిగిపోతుంది. అందుకే నర్సమ్మ చెప్పినట్టు ముందు గ్లాసుడు నీళ్లు, తిండేమో కొంచెం కొంచెంగా ఐదారుసార్లు. తిన్నాక గంటసేపు నేను ఆయన మీంచి కన్ను తిప్పను.

తొమ్మిదిలో ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టాను. సోమవారం నుంచి మధ్యాహ్నాలు పదో తరగతి పరీక్షలు. సాయానికి ఆయన అక్కను పిలిపించాను.

వదిన వస్తూనే గరిటె అందుకుంది.

"ఏంటమ్మా, మా తమ్ముడికి పిట్టకు పెట్టినట్టు పెడుతున్నావ్?"

"ఎక్కువైతే ఆయనకి పడదు వదినా..."

"నా చేతి అన్నం పడకపోవడమేంటి!"

ఆయన వదిన వడ్డించిందంతా ఊడ్చేసి, "ఇన్నాళ్లకి వంటంటే ఏంటో తెలిసింది" అని నన్ను చూసి కన్నుగీటారు. నేను మూతి ముడుచుకుని గిన్నెలు తోమడానికి పోయాను. ఆయన పాపను ఒళ్లో పెట్టుకుని పనికి కూర్చున్నారు.

పావుగంటకి ఎవరో గుమ్మంలోంచి టైమెంతని అడిగారు. అలా అడిగితే మా ఆయన ఊరుకోరు. "గోడమీద నలభై ఉన్నాయి, నీకు నచ్చింది తీసుకో" అంటారు. ఆ రోజు మాత్రం నీరసంగా, "రెండుంబావండీ" అన్నారు.

అండీ! గిన్నె వదిలేసి పరుగెత్తాను. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. పాపను వదిన చంకలో పడేసి, కుర్చీ వెనక్కి వాల్చి నా మోకాళ్లకు ఆనించుకున్నాను.

"కాళ్లెత్తు వదినా, పైకి!"

ఒక చంకన పాప, ఇంకో చంకన తమ్ముడి కాళ్లు.

కాసేపటికి ఆయన కళ్లు తెరిచారు. "ఇద్దరాడవాళ్లు కలిసి నన్నెక్కడికి మోసుకుపోతున్నారు?"

వదిన ఏడుస్తూనే నవ్వింది. ఇప్పుడు నాకంటే తక్కువ వడ్డిస్తోంది. చిక్కేంటంటే, పాపను నిద్రపుచ్చుతూ తనూ నిద్రపోతుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. సోమవారం నుంచి రెండింటప్పుడు మా వీధిలోంచి వెళ్తే, ఆయన్ని ఒక్కసారి టైమడగండి. వెటకారమాడితే మీ దారిన వెళ్లిపోండి. మర్యాదగా చెప్తే మాత్రం, లోపలికొచ్చి కుర్చీ వెనక్కి వాల్చి, మా వదినను గట్టిగా పిలవండి.