అరవై మూడు గుంటలు

సాసర్లో గోళ్లు. కాలివి పసుప్పచ్చగా, మందంగా, టీ మరకకి అతుక్కుని ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే సోఫాలో కూర్చుని కత్తిరించుకున్న భర్త, చేతికందిన దాంట్లో వేసేసి ఫోన్లో మునిగిపోయాడు. ఆమె వాటిని వేలితో చెత్తబుట్టలోకి దులిపింది. పన్నెండేళ్లుగా దులుపుతోంది. అసహ్యం మాత్రం ఇంకా తగ్గలేదు. తుంటి విరిగి మంచం పట్టిన మామగారి బెడ్‌పాన్ ఎత్తేటప్పుడు కలగని రోత ఇక్కడెందుకని చాలాసార్లు ఆలోచించింది. ఆయన లేవలేరు. ఈయన లేవడు. అంతే తేడా.

మామగారి మంచం పక్కన అగ్గిపెట్టంత కెమెరా పెట్టింది. రోగుల్ని ఇంకో గదిలోంచి కనిపెట్టుకోవడానికి ఆమె కంపెనీ తయారుచేస్తున్నది, ఇంట్లో ఎలా పనిచేస్తుందో చూడ్డానికి తెచ్చింది. అందులో వైఫై చిప్‌ని పరీక్షించడం ఆమె ఉద్యోగం. చిన్న బ్యాటరీ మీద నెలలు నెట్టుకురావాలని దానికి కరెంటు తగ్గించేశారు. సందు దొరికితే నిద్రపోతుంది, పిలిస్తే లేస్తుంది, గొంతు మాత్రం పెంచదు. అచ్చం అందరూ కోరుకునే కోడలే అనుకుని తనలో తనే నవ్వుకుంది.

ఆఫీసులో బయటి సిగ్నళ్లు చొరబడని ఇనప డబ్బాలో పెట్టి కొలిస్తే సెకనుకు ఇరవై మెగాబిట్లు పంపింది. ఇంట్లో పన్నెండు. బొమ్మ ఆగకుండా రావాలంటే నాలుగు చాలు. కానీ ఉండుండి లాప్‌టాప్‌లో వేగం చూపే గీత గుంటలో పడ్డట్టు ఒకటికి జారిపోతోంది.

"బొమ్మ ఆగిపోయింది! నువ్వక్కడ నిలబడ్డప్పుడల్లా ఇంతే. కాస్త అడ్డు జరుగు," సోఫాలోంచి అరిచాడు భర్త. పది అడుగుల దూరంలో ఉన్న కన్నతండ్రిని ఫోన్లో చూస్తున్నాడు.

"గిన్నెలు తోముతున్నా."

"తర్వాత తోముకో. నాన్న కనపడట్లేదు."

లోపలినుంచి మామగారు, "అమ్మాయ్, దిండు జారిందే," అన్నారు. ఆమె తడి చేతులు తుడుచుకుని వెళ్లింది.

మధ్యాహ్నం గుంటల టైములు చూసుకుంటే ఎందుకో అర్థమైంది. రౌటర్‌కీ కెమెరాకీ మధ్య ఎవరు నిలబడితే వాళ్ల ఒంట్లోని నీళ్లు ఆ బలహీనమైన సిగ్నల్ని తాగేస్తున్నాయి. ఎనిమిదీ పదికి టీ. ఎనిమిదిన్నరకి బెడ్‌పాన్. పదింటికి సింకు దగ్గర ఇరవై నిమిషాలు. ఆరు గంటల్లో అరవై మూడు గుంటలు. అన్నీ ఆమే. సోఫాలో మనిషి ఒక్కసారి లేచినా గీతకి తెలిసేది. రిపోర్టులో కారణం అన్న గడిలో "అడ్డు" అని రాసుకుంది.

సోమవారం మేనేజరు రిపోర్టు తిరగేశాడు. మడత నలగని చొక్కాల వల్ల అందరూ ఇస్త్రీ సారనే ఆయన, పేజీకోసారి వేలు నాలుకకి రాసుకుంటాడు. ఆ తడి మరకలు ఆమె అంకెల మీద పడుతున్నాయి.

"ఈ గుంటలేంటమ్మా? మీ ఇంట్లో ఏమన్నా కబడ్డీ ఆడుతున్నారా?" అని తనే నవ్వాడు. "ఇదంతా చెత్త. తీసేసి ఇరవై అని వేసి సంతకం పెట్టండి. మధ్యాహ్నానికి కెమెరాలు కొనే ఆసుపత్రివాళ్లకి పంపేయాలి."

"సింకు దగ్గర మనిషి నిలబడినంతసేపూ బొమ్మ ఆగిపోతుంది సార్. అప్పుడు ముసలాయన మంచం మీంచి పడితే?"

"మీరు మరీనూ! ఇంట్లో చూసుకోవడానికి ఎవరో ఒకరుంటారు కదా."

ఎవరో ఒకరు. సాసర్లో గోళ్లు గుర్తొచ్చాయి. "మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు సంతకం," అని కూడా అన్నాడు, తను తాగిన టీ కప్పు ఆమె బల్ల మీదే వదిలేసి వెళుతూ. అడుగున నానిన బిస్కెట్టు ముద్ద.

ఆమె కప్పు తీయలేదు. ఫైలు తెరిచింది. ఇరవై పక్కన "ఇనప డబ్బాలో", పన్నెండు పక్కన "ఇంట్లో", ఒకటి పక్కన "గుంటలో" అని వేసింది. ఒక్క గుంటనీ చెరపలేదు. సంతకం పెట్టి, ఆసుపత్రివాళ్లకి తనే పంపింది. పంపేముందు మాత్రం కారణం గడిలో "అడ్డు" కొట్టేసి ఇలా రాసింది: "ఇంట్లో పని చేసే మనిషి. లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు."